కిలిమంజారో శిఖర యాత్ర – పూర్వరంగం

ఉన్నత పర్వతారోహణ అనగానే మన మనస్సులో మెదిలేవి మంచు, శిఖరం, ఆ శిఖరంపై రెపరెపలాడే జెండా. పత్రికలలో ప్రచురితమయ్యే ఛాయాచిత్రాలలో కనిపించేది కూడ అంతే. కాని ఆ జెండా ఎగిరే అయిదు నిమిషాలకు వెనుక ఆరు మాసాల ప్రణాళిక, క్రమశిక్షణ, లెక్క ఉంటాయి. ఆ పూర్వరంగం సరిగా జరగని యాత్ర, ఎంత ధైర్యవంతుడు చేసినదైనా, మధ్యలోనే ఆగిపోవచ్చు. ఒక్కొక్కప్పుడు ప్రాణాపాయానికి కూడ దారి తీయవచ్చు. ఆఫ్రికా ఖండంలో అత్యున్నతమైన కిలిమంజారో పర్వతాన్ని ఉదాహరణగా తీసికొని, అంతటి దూరయాత్రకు ఒక విద్యార్థి ఏ విధంగా సిద్ధపడవలెనో ఈ వ్యాసంలో క్రమంగా పరిశీలిద్దాము.

పర్వత పరిచయం

కిలిమంజారో తూర్పు ఆఫ్రికాలోని టాంజానియా దేశపు ఈశాన్య భాగాన, భూమధ్యరేఖకు దక్షిణంగా సుమారు 3 డిగ్రీల అక్షాంశంపై ఉన్నది. ఇది హిమాలయాల వలె శ్రేణిగా విస్తరించిన పర్వతం కాదు. మైదానం మధ్య ఒంటరిగా లేచిన అగ్నిపర్వతం. దీనికి షీరా, మావెంజీ, కీబో అనే మూడు అగ్నిపర్వత శంఖువులు ఉన్నాయి. వీటిలో కీబో ఎత్తైనది. దాని అంచున గల ఉహురు శిఖరం సముద్రమట్టానికి 5,895 మీటర్ల ఎత్తున ఉన్నది.

1848లో యోహానెస్ రెబ్మాన్ అనే జర్మన్ మత ప్రచారకుడు ఈ పర్వతంపై మంచు ఉన్నదని వ్రాసినప్పుడు, లండన్ నగరంలోని కొందరు భూగోళ శాస్త్రజ్ఞులు నమ్మలేదు. భూమధ్యరేఖ చెంత మంచు ఎట్లుండునని వారి సందేహం. 1889 అక్టోబరు 6వ తేదీన హాన్స్ మేయర్, లుడ్విగ్ పుర్ట్‌షెల్లర్ అనే ఇరువురు తొలిసారిగా శిఖరాన్ని చేరుకొన్నారు. మేయర్ అంతకుముందు 1887లోను, 1888లోను ప్రయత్నించి విఫలుడైనాడు. మూడవసారి ఆయన దారి పొడవునా శిబిరాలు ఏర్పరచి, వాటికి క్రింది నుండి ఆహారం అందే ఏర్పాటు చేసికొన్నాడు. అనగా ఆయనకు విజయం చేకూర్చినది బలం కంటె ప్రణాళికయే.

1973లో ఈ పర్వతం జాతీయ ఉద్యానవనంగా ప్రకటింపబడినది. 1987లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేర్చినది. శిఖరంపై మంచు మాత్రం త్వరితంగా తరిగిపోతున్నది. 1912లో ఉన్న మంచు విస్తీర్ణంలో సుమారు 85 శాతం 2007 నాటికి మాయమైనదని శాస్త్రజ్ఞులు కొలిచి చెప్పారు.

పేర్లలోని బంధుత్వం

ఉర్దూ, తెలుగు రెండూ ఎరిగిన మన విద్యార్థులకు ఆ దేశపు స్వాహిలీ భాష పూర్తిగా పరాయిది కాదు. స్వాహిలీ వ్యాకరణం ఆఫ్రికా ఖండపు బంటూ భాషలది. పదజాలంలో మాత్రం అరబ్బీ, పారసీక పదాలు విస్తారంగా ఉన్నాయి. 'ఉహురు' అనగా స్వాతంత్ర్యం. ఉర్దూలోని 'హుర్రియత్' పదానికి మూలమైన అరబ్బీ ధాతువే దీనికీ మూలం. జర్మన్ పాలకులు తమ చక్రవర్తి పేరు పెట్టుకొన్న శిఖరానికి, 1961 డిసెంబరు 9న టాంగన్యీకా స్వతంత్రమైనప్పుడు ఈ పేరు వచ్చినది. శిఖరానికి ముందున్న ఒక శిబిరం పేరు 'బరాఫు'. దీని అర్థం మన 'బరఫ్' అనగా మంచే.

అక్కడి వారు ఎదురుపడగానే 'హబారి?' అని పలుకరిస్తారు. అది ఉర్దూ 'ఖబర్', తెలుగు 'కబురు'. ఏమి కబురు అని అడుగుట అన్నమాట. పుస్తకం 'కితాబు', లోకం 'దునియా', అంగడి 'దుకా', స్నేహితుడు 'రఫీకి', ప్రయాణం 'సఫారి'. చాయి, చపాతి పేర్లు మార్చనవసరమే లేదు. ఈ పది మాటలు నేర్చుకొని వెళ్లినవానికి మార్గదర్శకునితో చనువు తొందరగా ఏర్పడుతుంది. కొండపై ఆ చనువు చాలా అవసరం.

ఒక్క విషయంలో మాత్రం జాగ్రత్త వహించాలి. మన పూర్వులు సూర్యోదయం నుండి ఘడియలు లెక్కించినట్లే స్వాహిలీ జనులు కూడ గంటలను సూర్యోదయం నుండి లెక్కిస్తారు. వారి 'ఒంటి గంట' మన ఉదయం ఏడు గంటలు. బండి ఎప్పుడు వస్తుందో నిర్ణయించుకొనేటప్పుడు ఏ లెక్క ప్రకారమో అడిగి తెలుసుకొనవలెను. గడియారాన్ని కూడ మన కాలానికి రెండున్నర గంటలు వెనుకకు త్రిప్పవలెను.

కాలనిర్ణయం

విద్యార్థులకు సహజంగా తోచేది వేసవి సెలవులలో వెళ్లుదామని. అది ఈ పర్వతానికి అనుకూలమైన కాలం కాదు. మార్చి నుండి మే వరకు అక్కడ 'మసీకా' అనే పెద్ద వానలు. నవంబరు ప్రాంతంలో 'వూలీ' అనే చిన్న వానలు. వానలో అడుగున అడవి దారి బురద అవుతుంది. పైన అదే వాన మంచుగా కురుస్తుంది. తడిసిన బట్టలతో చలిలో నడవడం వలన శరీరోష్ణం ప్రమాదకరంగా పడిపోవచ్చు.

జూన్ నుండి అక్టోబరు వరకు, తిరిగి జనవరి, ఫిబ్రవరి మాసాలు పొడి కాలాలు. మన వారికి దసరా సెలవులు గాని, సంక్రాంతి తరువాతి దినాలు గాని అనుకూలం. రాకపోకలకు మూడు నాలుగు రోజులు, కొండపై ఏడు రోజులు, ముందు వెనుక ఒక్కొక్క రోజు విశ్రాంతి కలుపుకొంటే పండ్రెండు, పదమూడు దినాలు అవుతాయి. సెలవులు అంతకు చాలవు కనుక ప్రిన్సిపాలు గారి అనుమతి, పరీక్షల పట్టిక ముందే చూచుకొనవలసి ఉంటుంది. శిఖరారోహణ రాత్రి పౌర్ణమికి దగ్గరగా ఉండేటట్లు తేదీలు ఎన్నుకొంటే దారి బాగా కనిపిస్తుంది. కాని చలి మాత్రం తగ్గదు.

ఎత్తు – శరీరధర్మం

ఈ యాత్రలో ప్రధానమైన పాఠం ఇదే. కిలిమంజారో సాధారణ మార్గాలలో త్రాళ్లతో ఎగబ్రాకవలసిన పని లేదు. నడకతోనే శిఖరం చేరవచ్చు. అందువలననే దీనిని తేలికగా తలచేవారు ఎక్కువ. కాని నడక సులభమైనంత మాత్రాన గాలి సులభం కాదు.

గాలిలో ప్రాణవాయువు పాలు సముద్రతీరాన ఎంతో శిఖరాన కూడ అంతే. సుమారు 21 శాతం. మారేది గాలి పీడనం. ఎత్తుకు పోయినకొలది పీడనం తగ్గుతుంది. 5,895 మీటర్ల వద్ద అది సముద్రమట్టపు పీడనంలో సుమారు సగమే. అందువలన ప్రతి శ్వాసలోను మనకు అందే ప్రాణవాయువు కూడ సుమారు సగమే. శరీరం దీనికి అలవాటు పడగలదు. శ్వాస వేగం పెంచుకొంటుంది, క్రమంగా రక్తంలో మార్పులు చేసికొంటుంది. కాని దానికి గంటలు చాలవు, దినాలు కావలెను.

ఆ వ్యవధి ఇవ్వనప్పుడు తలనొప్పి, వాంతి వచ్చునట్లుండుట, ఆకలి మందగించుట, నిద్ర పట్టకపోవుట కనిపిస్తాయి. ఇవి హెచ్చరికలు. వీటిని లెక్క చేయక పైకి సాగితే ఊపిరితిత్తులలో నీరు చేరవచ్చు. అప్పుడు కూర్చున్నా ఆయాసం, దగ్గు, నురుగుతో కూడిన కఫం వస్తాయి. మెదడు వాచవచ్చు, అప్పుడు నడక తూలుతుంది, మాట తడబడుతుంది, ఆలోచన చెదరుతుంది. నేలపై గీత గీచి, మడమకు వేలు ఆనించి ఆ గీతపై నడువుమంటే నడువలేనివానిని ఆ క్షణమే క్రిందికి దింపవలెను. తెల్లవారనిమ్మని వేచి ఉండరాదు. దీనికి మొట్టమొదటి చికిత్స క్రిందికి దిగుటయే.

వయస్సు, కండబలం దీని నుండి రక్షింపవు. ఆటల పోటీలలో ప్రథముడైన యువకునికి రావచ్చు. వాని వెంట నెమ్మదిగా నడిచిన నడివయసు ఉపాధ్యాయునికి రాకపోవచ్చు. బలం గలవాడు త్వరగా నడుస్తాడు కనుక వానికే ప్రమాదం హెచ్చు అని కూడ చెప్పవచ్చు. అక్కడి మార్గదర్శకులు అడుగడుగునా 'పోలె పోలె' అంటారు. నెమ్మది, నెమ్మది అని అర్థం. అది మర్యాద మాట కాదు, వైద్య సూత్రం.

ఎసెటజోలమైడ్ అనే మాత్ర శరీరం అలవాటుపడుటకు కొంత తోడ్పడుతుంది. దానిని వైద్యుని సలహా లేనిదే వాడరాదు. సల్ఫా మందులు పడనివారు ముందే వైద్యునితో చెప్పవలెను. దినానికి మూడు నాలుగు లీటర్ల నీరు త్రాగుట, ఆకలి లేకున్నా కొంచెమైనా తినుట ముఖ్యం.

దారులు – దినాలు

శిఖరానికి మరంగు, మచామే, లెమోషో, రొంగాయి, ఉంబ్వే మొదలైన దారులున్నాయి. లైసెన్సు గల మార్గదర్శకుడు లేనిదే ఎవరినీ పైకి పోనివ్వరు.

3,000 మీటర్లు దాటిన తరువాత, ఒక రాత్రి నిద్రించిన ఎత్తు కంటె మరునాటి రాత్రి నిద్రించే ఎత్తు 500 మీటర్లకు మించి హెచ్చకూడదని, మూడు నాలుగు దినాలకొకసారి ఒక దినం విశ్రాంతి ఉండవలెనని పర్వత వైద్యుల సూచన. ఈ కొలబద్దతో రెండు దారులను పోల్చి చూద్దాము.

మరంగు దారిలో కొయ్య కుటీరాలు ఉన్నాయి. మొదటి రాత్రి 2,720 మీటర్లు, రెండవ రాత్రి 3,720, మూడవ రాత్రి 4,720, ఆ అర్ధరాత్రియే శిఖరానికి బయలుదేరవలెను. ఇది అయిదు దినాల కార్యక్రమం. ప్రతి రాత్రికి 1,000 మీటర్లు పెరిగినది. అనగా సూచించిన దానికి రెట్టింపు. హొరొంబో కుటీరం వద్ద ఒక రోజు అదనంగా ఉంటే కొంత మేలు.

మచామే దారిలో గుడారాలలో ఉండవలెను. ఏడు దినాల కార్యక్రమంలో రాత్రి విడుదులు సుమారు 2,850, 3,800, 3,950, 4,000, 4,650 మీటర్ల వద్ద ఉంటాయి. మూడవ దినాన 4,600 మీటర్ల వరకు ఎక్కి తిరిగి 3,950కి దిగి నిద్రిస్తారు. పగలు ఎత్తుకు పోయి, రాత్రి పల్లానికి దిగి నిద్రించుట శరీరానికి మంచి అభ్యాసం. రెండవ రాత్రి పెరుగుదల, చివరి రాత్రి పెరుగుదల ఇక్కడ కూడ సూచనను మించినవే. అయినా నడుమ రెండు రాత్రులు దాదాపు ఒకే ఎత్తున గడచినందున శరీరానికి కొంత వ్యవధి చిక్కుతుంది. కనుక దారి పేరు కంటె దినాల సంఖ్యయే ముఖ్యమని గ్రహించవలెను.

ప్రయాణ పత్రాలు, ఆరోగ్యం

పాస్‌పోర్టుకు ఆరు మాసాలకు తక్కువ కాకుండ గడువు మిగిలి ఉండవలెను. టాంజానియా వీసా ముందే పొందవలెను. మోషీ, అరూషా పట్టణాల నడుమ కిలిమంజారో అంతర్జాతీయ విమానాశ్రయం ఉన్నది. మార్గమధ్యంలో అడిస్ అబాబా, నైరోబి, దోహా వంటి చోట్ల విమానం మారవలసి రావచ్చు.

ఈ విమానాల మార్పునకు ఆరోగ్య నియమాలతో సంబంధం ఉన్నది. ఇథియోపియా, కెన్యా పచ్చజ్వరం గల దేశాలు. ఆ దేశాల మీదుగా వచ్చేవారి నుండి టీకా పత్రం అడుగవచ్చు. పచ్చజ్వరం దేశం నుండి పత్రం లేక మన దేశానికి తిరిగి వచ్చినవారిని ఆరు దినాల వరకు విడిగా ఉంచే నియమం ఉన్నది. టీకా వేయించుకొన్న పది దినాలకు గాని ఆ పత్రం చెల్లదు. హైదరాబాదులో నారాయణగూడలోని ప్రివెంటివ్ మెడిసిన్ సంస్థ ఈ టీకా ఇచ్చే కేంద్రాలలో ఒకటి. 2016 నుండి ఒక్కసారి వేయించుకొన్న టీకాయే జీవితాంతం చెల్లుతున్నది.

మోషీ పట్టణం పల్లపు ప్రాంతం కనుక మలేరియా భయం ఉన్నది. దోమ ద్వారా ఈ జ్వరం వ్యాపించే రహస్యానికి తాళపుచెవి 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాదులోనే రోనాల్డ్ రాస్‌కు చిక్కినదని విద్యార్థులకు తెలిసినదే. నివారణ మాత్రలు వైద్యుని అడిగి వాడవలెను. ప్రయాణ బీమా తీసికొనేటప్పుడు అది 6,000 మీటర్ల ఎత్తు వరకు వర్తించునా అని పత్రం చదివి చూడవలెను. చాల పాలసీలు అంత ఎత్తుకు వర్తింపవు.

దుస్తులు, సామాను

ప్రతి 1,000 మీటర్లకు సుమారు ఆరున్నర డిగ్రీల వంతున వేడిమి తగ్గుతుంది. మోషీలో 25 డిగ్రీల వేడి ఉన్నప్పుడు, అక్కడికి సుమారు 5,000 మీటర్ల పైనున్న శిఖరాన 32 డిగ్రీలు తగ్గి సున్నకు 7 డిగ్రీల దిగువ అవుతుంది. రాత్రి వేళ, గాలితో కలిసి, ఇంకను తగ్గుతుంది. ఒకే మందపు కోటు కంటె పొరలు పొరలుగా ధరించే బట్టలు మేలు. చెమటను పీల్చేది లోపల, వేడిని నిలిపేది నడుమ, గాలివానలను ఆపేది పైన. ఖరీదైన కోట్లు, నిద్రసంచులు మోషీలో అద్దెకు దొరుకుతాయి. బూట్లు మాత్రం అద్దెకు తీసికొనరాదు. ఇంటి వద్దనే కొని, రెండు మాసాలు తొడిగి నడిచి, పాదానికి అలవాటు చేసికొనవలెను. 2019 జూన్ 1 నుండి టాంజానియాలో ప్లాస్టిక్ సంచులు నిషిద్ధం. సామాను గుడ్డ సంచులలో సర్దుకొనవలెను.

వ్యయం

ఉద్యానవన రుసుములు దినాల లెక్కన డాలర్లలో వసూలు చేస్తారు. 2020వ దశకపు తొలి సంవత్సరాల పట్టిక ప్రకారం విదేశీయునికి దినానికి ప్రవేశ రుసుము 70 డాలర్లు, గుడారపు రాత్రికి 50 డాలర్లు, రక్షణ సిబ్బంది నిమిత్తం యాత్రకు 20 డాలర్లు, వీటిపై 18 శాతం పన్ను. ఏడు దినాలకు 490, ఆరు రాత్రులకు 300, దానికి 20 కలిపి 810 డాలర్లు. పన్నుతో 955 డాలర్ల 80 సెంట్లు. మార్గదర్శకుడు, వంటవాడు, మోతగాండ్రు, ఆహారం, విమానం, బీమా వేరు. రుసుములు మారుతుంటాయి కనుక తాజా పట్టిక చూచుకొనవలెను.

ఇక్కడనే ప్రలోభం ఎదురవుతుంది. ఒక దినం, ఒక రాత్రి తగ్గిస్తే రుసుములలోనే 141 డాలర్ల 60 సెంట్లు మిగులుతాయి. చవుకగా తీసికొనిపోతామనే ఏజెంట్లు తరచుగా తగ్గించేది ఈ దినాలనే. లేదా మోతగాండ్ర కూలిని. మిగిలిన డబ్బుకు బదులుగా మనం ఇచ్చేది మన శరీరం అలవాటుపడే వ్యవధి. ఈ బేరం ఎన్నటికీ లాభసాటి కాదు. ఏడు దినాలకు డబ్బు చాలనివారు అయిదు దినాలలో పోవుటకంటె, మరొక సంవత్సరం ఆగి కూడబెట్టుకొనుట ఉత్తమం.

మోతగాండ్రను గూర్చి కూడ ఒక మాట. ఒక ఆరోహకుని వెంట ముగ్గురు నలుగురు మోతగాండ్రు నడుస్తారు. ఒక్కొక్కరు మోసే బరువు 20 కిలోలు మించరాదని ఉద్యానవన నియమం. వారి కూలి ఎంత, వారికి రాత్రి గుడారం, మూడు పూటల తిండి ఉన్నవా అని ఏజెంటును ముందే అడుగుట మన ధర్మం. మనం శిఖరాన జెండా ఎత్తుట వారి భుజాల బలంతోనే.

శిక్షణ

తెలుగు నేలపై ఏ కొండా 1,700 మీటర్లను అంతగా మించదు. కిలిమంజారో దారులలో ప్రధానమైన వాటి ద్వారాలే 1,800 మీటర్ల ఎత్తున ఉన్నాయి. అనగా మన నేల ముగిసిన చోట ఆ పర్వతం ప్రారంభమవుతుంది. ఎత్తుకు అలవాటు ఇక్కడ సాధ్యం కాదు. కాళ్ల బలం, ఓర్పు మాత్రం సాధ్యమే. గోల్కొండ బాలాహిస్సారు మెట్లు, మౌలా అలీ గుట్ట, భువనగిరి కొండ మనకు బడులు. వారానికి నాలుగు దినాలు నడక, ఒక దినం వీపున ఎనిమిది కిలోల సంచితో అయిదారు గంటల కొండ నడక, ఆరు మాసాలు సాగించవలెను. దిగుటను కూడ అభ్యసించవలెను. శిఖరం చేరిన దినముననే సుమారు 2,800 మీటర్లు దిగవలసి ఉంటుంది, మోకాళ్లకు అసలు పరీక్ష అదే. వీలైనవారు డార్జిలింగ్, ఉత్తరకాశీ పర్వతారోహణ సంస్థలలో ప్రాథమిక శిక్షణ పొందుట మేలు.

నిజామాబాదు జిల్లాకు చెందిన మాలావత్ పూర్ణ భువనగిరి కొండపై శిక్షణ ప్రారంభించి, డార్జిలింగ్, లడఖ్ ప్రాంతాలలో అభ్యాసం చేసి, 2014 మే 25న 13 సంవత్సరాల వయస్సులో ఎవరెస్టు శిఖరం చేరినది. నెల్లూరు జిల్లా వాడైన మల్లి మస్తాన్ బాబు 2006లో కిలిమంజారోతో సహా ఏడు ఖండాల ఉన్నత శిఖరాలను 172 దినాలలో ఎక్కినాడు. అంతటి నేర్పరి కూడ 2015లో ఆండీస్ పర్వతాలలో ప్రాణాలు కోల్పోయినాడు. మొదటి ఉదాహరణ మనకు ధైర్యం ఇస్తుంది. రెండవది వినయం నేర్పుతుంది. రెండూ కావలెను.

కళాశాల కర్తవ్యం

పేద, మధ్యతరగతి విద్యార్థి ఇట్టి యాత్రకు చందాలతోనే వెళ్లగలడు. చందా ఇచ్చినవారు శిఖరంపై తీసిన ఛాయాచిత్రం కొరకు ఎదురుచూస్తారు. ఆ ఎదురుచూపు వాని గుండెపై బరువవుతుంది. తలనొప్పి వచ్చినా చెప్పడు, తూలినా దాచుకొంటాడు. ఊరికి ఏ ముఖం పెట్టుకొని పోవుదునని ముందుకే అడుగు వేస్తాడు. కొండపై జరిగే అనర్థాలలో కొన్నింటికి మూలం గాలి కాదు, ఈ సిగ్గు.

కనుక కళాశాల కమిటీ వారు విద్యార్థిని పంపదలచినప్పుడు మూడు పనులు చేయుట మంచిది. మొదటిది, ఏడు దినాలకు తక్కువ గల కార్యక్రమానికి ధనసహాయం చేయరాదు. రెండవది, వ్యాయామోపాధ్యాయుడు ఆరు మాసాల శిక్షణను, వైద్యుడు ఆరోగ్యాన్ని ధ్రువపరచిన పిదపనే అనుమతి ఇవ్వవలెను. మూడవది, అన్నింటికంటె ముఖ్యమైనది: శిఖరం చేరక తిరిగి వచ్చినా ఇది విఫలయాత్ర కాదని, ఇచ్చిన ధనం తిరిగి అడుగబోమని వ్రాసి వాని చేతికి ఇవ్వవలెను. ఆ కాగితం అక్కడ ఏ కోటు కంటె ఎక్కువగా వానిని కాపాడుతుంది.

విద్యార్థి మిత్రులారా! కొండ ఎక్కడికీ పోదు. ఈ సంవత్సరం 4,700 మీటర్ల వద్ద వెనుదిరిగినవాడు మరొక సంవత్సరం 5,895 చేరవచ్చు. హాన్స్ మేయర్ మూడవసారి కదా చేరినది! శిఖరం చేరుట యాత్రలో సగమే. క్షేమంగా ఇల్లు చేరి, తల్లి చేతి అన్నం తిన్నప్పుడే యాత్ర పూర్తి అయినట్లు లెక్క. ఆ లెక్క తప్పకుండ ఉండుటకే ఇంతటి పూర్వరంగం.